సోమవారానికి ఆకుపచ్చ టిక్కు

నిన్న పొద్దున దోసెలు పోస్తుంటే జిల్లా ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది. లేత గొంతు. కొత్తగా చేరిన నర్సులకు శిక్షణ పెడుతున్నారట, అందులో "రోజును ప్లాన్ చేసుకుని ఇంట్లో, ఉద్యోగంలో గెలవడం ఎలా" అనే క్లాసు నేనే చెప్పాలట. "మీ చార్ట్ ఫొటో ఇంక మా దగ్గరనే ఉంది మేడం. ప్రతి బ్యాచ్‌కి అదే చూపిస్తున్నం" అన్నాడు, నన్ను సంతోషపెడుతున్నాననుకుని. అట్లకాడతో పెనాన్ని ఎంత గట్టిగా కొట్టానో, పక్కగదిలో పేపరు చదువుకుంటున్న మావారు లేచి వచ్చారు. దోసె మాడిపోయింది. రిటైరై రెండేళ్ళయింది, అయినా ఆ చార్ట్ నన్ను వదలదు.

భద్రాచలం వెళ్ళే దారిలో, అడవి మొదలయ్యే చోట, ఒక ఆరోగ్య సబ్‌సెంటర్‌లో నేను ఏఎన్ఎంగా, అంటే ఊళ్ళు తిరిగే నర్సుగా పనిచేశాను. ఏడు ఊళ్ళు నావి. ఒక స్కూటీ, ఒక బ్యాగు, అందులో బీపీ మిషను, మాత్రలు, రిజిస్టర్లు. పద్ధతి అంటే నాకు చిన్నప్పటి నుంచి పిచ్చి. మా ఇంట్లో మంగళవారం బీరకాయ, శుక్రవారం పప్పుచారు. మధ్యలో ఎవరైనా వంకాయలు తెచ్చిస్తే అవి వాటి వారం వచ్చేదాకా ఫ్రిజ్‌లో పడి ఉండాల్సిందే. మావారు నన్ను పెళ్ళి చేసుకున్నారో కాలెండర్‌ని చేసుకున్నారో తెలియడం లేదని మా ఆడపడుచు ఎదురుగానే అనేది. అలాంటి మనిషిని కాబట్టి, జిల్లా ఆఫీసుకి కొత్తగా వచ్చిన పెద్ద మేడమ్ ప్రతి ఏఎన్ఎం ఏడాది మొత్తానికి టూర్ చార్ట్ వేసివ్వాలని హుకుం జారీ చేసినప్పుడు తక్కినవాళ్ళంతా తల పట్టుకుంటే, నేను మాత్రం ఖమ్మం పోయి డ్రాయింగ్ షీటూ నాలుగు రంగుల స్కెచ్ పెన్నులూ కొనుక్కొచ్చాను. ఊరికో రోజు. వెళ్ళొస్తే ఆకుపచ్చ టిక్కు, వెళ్ళకపోతే ఎర్ర గీత. మేడమ్ చూసి మురిసిపోయి సంతకం పెట్టారు.

వాగు అవతల ఊరికి సోమవారం పడింది. ఆ ఊళ్ళో ఆశా వర్కర్‌గా చేసే అక్క చార్ట్ చూసి మొదటి రోజే చెప్పింది. "సోమారం రాకుండ్రి మేడం. సోమారం సంత. చింతపండు, చీపుర్లు, కోళ్ళు ఏదుంటే అది పట్టుకొని ఊరంత పోతం. ఉప్పు, నూనె వారానికి ఆ రోజే తెచ్చుకునుడు. బేస్తారం రాండ్రి." అడవి ఊళ్ళలో వారమంటే ఆదివారం నుంచి ఆదివారం కాదు, సంత నుంచి సంతకు. ఇరవై ఏళ్ళ సర్వీసులో నాకు తెలియని సంగతి కాదిది. మేడమ్‌ని అడిగాను. "ఒకసారి అప్రూవ్ అయిన ప్లాన్ మార్చేవాళ్ళు జీవితంలో పైకి రారు" అన్నారు. నేను గట్టిగా అడగలేదు. అడిగితే షీటు మళ్ళీ గీయాలి, రంగులు మళ్ళీ నింపాలి. ఇదీ నా బాధ. ఇప్పుడు తలచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

అలా సోమవారం సోమవారం నేను ఖాళీ ఊరికి వెళ్ళాను. వాకిళ్ళలో ఇద్దరు ముసలివాళ్ళు, నాలుగు మేకలు. రిజిస్టర్‌లో "ఇంట్లో లేరు" అని రాసుకోవడం, ఇంటికొచ్చి చార్ట్ మీద ఆకుపచ్చ టిక్కు పెట్టడం. నేను వెళ్ళానా అన్నదే చార్ట్ అడిగేది. ఎవరినైనా చూశానా అని అడిగే గడి అందులో లేదు. రాను రాను నా పద్ధతి ఇంకా ముదిరింది. సోమవారం టిక్కు ఆదివారం సాయంత్రమే పెట్టేసేదాన్ని. ఎలాగూ వెళ్ళేదాన్నే కదా.

ఆ అక్క తోటికోడలికి తొలిచూలు, ఏడో నెల. ఒక శనివారం అక్క సెంటర్‌కి వచ్చి చెప్పింది, "మా తోటికోడలి కాళ్ళు ఉబ్బినయ్ మేడం, తలనొప్పంటుంది. ఈ సోమారం సంతకు పోకు, మేడం వస్తదని ఇంటికాడ కూసోబెడుతున్న. తప్పకుండ రావాలె." కాళ్ళవాపు, తలనొప్పి అంటే బీపీ ఎక్కిందని, తల్లీబిడ్డల ప్రాణం మీదికి రావచ్చని ఏఎన్ఎంకి వేరే చెప్పనక్కర్లేదు. అప్పటికప్పుడే బ్యాగు అందుకుని బయలుదేరాల్సింది. శనివారం టీకాల రోజు. చార్ట్‌లో అలాగే ఉంది. "సోమవారం నా చార్ట్ తప్పదు" అన్నాను, గొప్పగా. అక్క నమ్మింది. నమ్మి, ఆ సోమవారం తోటికోడల్ని ఇంటి దగ్గర వదిలి, తాను సంతకు పోయింది.

ఆదివారం సాయంత్రం, నేను సోమవారం టిక్కు పెట్టేశాక, ఫోన్. సోమవారం పొద్దున్నే ఖమ్మంలో మీటింగు, చార్ట్ పట్టుకుని రమ్మన్నారు, అందరి ముందు చూపిస్తారట. ఆ సాయంత్రమంతా చీర ఇస్త్రీ చేసుకోవడంలో, చార్ట్‌కి ప్లాస్టిక్ కవరు వేయించడంలో గడిచిపోయింది. అక్కకి ఫోన్ చేయొచ్చు. పక్క సెంటర్ అమ్మాయిని పంపొచ్చు. రెండూ చేయలేదు. మర్చిపోయానని చెప్పుకుంటే నాకు సుఖం, కానీ మర్చిపోలేదు. ఒక్కరోజేగా, మంగళవారం చూద్దాంలే అనుకున్నాను.

మీటింగులో మేడమ్ చార్ట్‌ని రెండు చేతులా ఎత్తి పట్టుకున్నారు. "చూడండి, ఒక్క ఎర్ర గీత లేదు. ఇవాళ్టి విజిట్ కూడా అయిపోయింది" అన్నారు. ఆ మాట అన్నప్పుడు నేను వారి పక్కనే నిలబడి ఉన్నాను. వాగు అవతల ఊరు అక్కడికి ఎంత దూరమో ఆ హాలులో అందరికీ తెలుసు. ఒక్కరు, కనీసం ఒక్కరు, ఇవాళ అక్కడికి వెళ్ళిన మనిషి ఇక్కడెలా ఉందని అడగలేదు. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పించుకుని, చార్ట్ పట్టుకుని నేను ఫొటో దిగాను.

మంగళవారం తెల్లవారగానే ఆ పిల్లకు ఫిట్స్ వచ్చాయి. మంచంతో సహా మోసుకుంటూ వాగు దాటించి, ఆటోలో భద్రాచలం దవాఖానాకి తీసుకుపోయారు. తల్లి బతికింది. బిడ్డ దక్కలేదు, ఆడపిల్ల.

గురువారం వార్డుకి వెళ్ళాను. తిడతారని, తిడితే బాగుండునని వెళ్ళాను. అక్క గ్లాసు కడిగి నాకు చాయ్ పోసింది. ఆ పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. నేను గ్లాసు కింద పెట్టాక ఇటు తిరిగి, కోపం ఏమీ లేకుండా చెప్పింది. "సోమారం పొద్దుగూకేదాక అరుగు మీదనే కూసున్న మేడం. బండి సప్పుడైతే లేసి చూసిన. నువ్వొస్తవని నీళ్ళకు గూడ పోలే."

ఆ తర్వాత ఆ ఊరికి, అక్క మొదటి రోజు చెప్పినట్టే, గురువారాలే వెళ్ళాను. ప్లాన్ తప్పినందుకు మెమో ఇచ్చారు. చార్ట్ చింపేద్దామని అడిగితే ఆఫీసులో ఫైల్ చేశామన్నారు. ఆ మేడమ్ మీద నాకు ఇవాళ్టికీ కోపమే. కానీ పక్క మీద వాలితే ఆవిడ మొహం గుర్తురాదు, స్కెచ్ పెన్ను పట్టుకున్న నా చెయ్యే గుర్తొస్తుంది. దాని మీద ఉన్నంత కోపం నాకు ఇంకెవరి మీదా లేదు.

నిన్న ఫోన్ ఇంకా నా చేతిలో ఉండగానే మావారు గొంతు తగ్గించి, "రానని చెప్పేయ్" అన్నారు. వస్తానని చెప్పాను. ఆ ఫొటోని గోడ మీద పెద్దగా వేయించి, ఆ టిక్కు పెట్టిన సోమవారం నేను ఎక్కడ ఉన్నానో ఆ కొత్త నర్సు పిల్లలకు నా నోటితోనే చెబుతాను. ఆ బిడ్డ ఉంటే ఈ ఏడు బడిలో చేరేది. జీవితంలో నా రోజులన్నీ నేను జాగ్రత్తగా వాడుకున్నాను. వాగు అవతల ఒకామె తన రోజంతా తీసి నా కోసం పక్కన పెట్టింది. దాన్ని మాత్రం నేను అందుకోలేదు, ఇప్పుడు వెళ్ళినా ఆ రోజు అక్కడ లేదు.