గంజి పెట్టిన రెక్కలు

సూది చేతికి ఎప్పుడొచ్చిందో నీలవేణికే గుర్తులేదు. సాలూరులో వాళ్ల నాన్న గూడుబళ్లకు కప్పులు కుట్టేవాడు, బళ్లకు లక్క మెరుగు పెట్టేవాడు. మోటారు మేస్త్రీ పైడిరాజును చేసుకున్నాక ఆమె బస్సు సీట్లు కుట్టింది. విమానం కూడా కుడుతుందని మాత్రం ఎవరనుకున్నారు!

ఒక కాఫీతోట దొర మోజుపడి ఇంగ్లండు నుంచి తెప్పించుకున్నాడు దాన్ని. ఒక్క మనిషి పట్టే విమానం, ముక్కలుగా పెట్టెల్లో వచ్చింది. ఎవరింట్లో వాళ్లు బిగించుకోవాలట. దొర పెట్టెలు విప్పకుండానే తన దేశం వెళ్లిపోతూ, ఇన్నాళ్లూ తన మోటారు చూసినందుకు పైడిరాజుకు ఇచ్చేశాడు. చదునైన చోటు కోసం మొగుడూ పెళ్లాం ఘాటెక్కి అరకు లోయకు వచ్చారు. అక్కడ ముత్యాలమ్మ అనే ముసలావిడ తన బీడు పొలమూ, పశువులసాలలో సగమూ ఇచ్చింది. తొలివాన పడగానే మాత్రం దుక్కికి పొలం వదిలెయ్యాలంది.

"అప్పటికి లేవకపోతే ఇంజను ఇప్పేసి, సాలూరులో పిండిమరకి బిగించేత్తానే," అన్నాడు పైడిరాజు.

నీలవేణి లోలోపల సంబరపడింది. అంబలి కోసం తిరగట్లో చోళ్లు విసిరీ విసిరీ ఆమె జబ్బలు పడిపోతున్నాయి మరి.

పైడిరాజు చిన్న చక్రాలు పీకేసి సైకిలు చక్రాలు వేశాడు. ఇరుసు పొడుగు చాలకపోతే అతుకు పెట్టాడు. ఘాట్లో విరిగిన తోక కర్ర బదులు వెదురు కట్టాడు. రాత్రి పడుకున్నా వేళ్లు గాలిలో మరలు తిప్పుతూనే ఉండేవి. బస్సుల కింద దూరి బతికిన మనిషి ఇప్పుడు తలెత్తి గద్దల్ని చూస్తున్నాడు. పిండిమర ముందు కూర్చుంటే ఈ తల మళ్లీ లేవదని నీలవేణికి తోచింది. ఆ రోజు నుంచి ఆమెకు పిండిమర మీద మనసు విరిగింది.

రెక్కల కొయ్య గూటికి గుడ్డ తొడిగి కుట్టింది. ఆ గుడ్డను బిగించే జిగురు డబ్బా దారిలోనే పగిలిపోయింది. ఏముంది, చీరకు పెట్టినట్టే చిక్కటి గంజి పట్టించింది. మధ్యాహ్నానికి రెక్క బిర్రుగా అయింది. తెల్లారి మంచుకు మళ్లీ వేలాడింది. ఆ మర్నాడు ముత్యాలమ్మ కేక.

"ఓలమ్మో! నీలేనీ, నీ రెక్క నా ఆవు తినేత్తందే!"

పరుగెత్తి వెళ్లేసరికి ఎడమ రెక్క చివర గుడ్డ లేదు. ఆవు మూతి నాక్కుంటోంది.

"గంజెట్టి పశువులసాల్లో ఎడితే అది కుడితనుకోదేటే? దాన్నేటీ అనకు," అంది ముసలిది. పైడిరాజు ఇంజను విప్పడానికి రెంచీ అందుకున్నాడు.

"మావా, రెంచీ కింద ఎట్టు," అంది నీలవేణి. బండికి తన నాన్న పెట్టిన లక్క వానకు కరిగేదా? పశువు నాకేదా? అనుకుంది. లక్క సంతలో దొరుకుతుంది. దాన్ని కరిగించే ఘాటు సరుకు కావాలి. ముత్యాలమ్మ వైపు తిరిగింది. "అత్తా, ఇప్పసారా ఉందా?"

"తాగడానికా, పుయ్యడానికా? తిన్నగా సెప్పు గుంటా."

ముందు తెచ్చిన సారాలో లక్క ఉండలు కట్టి అడుగున కూర్చుంది. సారా పలచగా ఉందని ముత్యాలమ్మ మళ్లీ బట్టీకెక్కించింది. ఈసారి చుక్క నిప్పులో వేస్తే భగ్గుమంది. కుండ ఇచ్చే ముందు కొండదేవత పేరు చెప్పి నేల మీద కొంచెం ఒంపింది. పైడిరాజు కూడా దోసిలి పట్టాడు.

"నీకు కాదు, రెక్కకి," నీలవేణి చేతి మీద ఒక్కటిచ్చింది.

చిరిగిన చోట కొత్త గుడ్డ కుట్టి, ఆ సారాలో కరిగిన లక్కను పూత ఎండాక పూతగా వేసింది. వేలితో కొడితే డప్పులా మోగింది. ఆవు వచ్చి మూతి పెట్టి, తుమ్మి, వెనక్కి తిరిగింది.

కొండల మీద మబ్బు కమ్మిన రోజు పైడిరాజు ఎక్కి కూర్చున్నాడు. నీలవేణి కొంగు బిగించి, విమానం ముక్కున ఉన్న ఫంకా తిప్పి పక్కకు దూకింది. విమానం ఎగిరెగిరి పడుతూ పొలమంతా పరుగెత్తింది. గట్టు దగ్గరపడుతోంది. ఆమె నేల మీదికి వంగి చక్రాల వైపే చూసింది. గడ్డికీ చక్రానికీ మధ్య సన్నగా వెలుతురు కనిపించింది. ఆ వెలుతురు మనిషెత్తు అయింది. విమానం గట్టు దాటింది. అవతలి బీడులో దబ్బున దిగి, ఒక చక్రం వంకర చేసుకుని ఆగింది.

నీలవేణీ, ముత్యాలమ్మా చేరేసరికి పైడిరాజు రెక్క నిమురుతున్నాడు.

"ఎడం పక్కకి ఒరుగుతందే. ఇక్కడో పట్టీ కుట్టాల."

"కుడతాన్లే. దిగావు, అంతే సాలు."

"ఏటర్రా ముచ్చట్లు! దీన్ని బేగి సాల్లోకి తొయ్యండి, దుక్కికి ఏళయింది," అంది ముత్యాలమ్మ.

తొలి చినుకులు రెక్క మీద పడి, ఇంకకుండా జారిపోయాయి.

ఇంజను విమానంలోనే ఉంది. ఆ వానాకాలమంతా నీలవేణి చోళ్లు తిరగట్లోనే విసురుకుంది, పాడుకుంటూ.