దాలమ్మత్త ఎడమ కన్ను

టెక్కలి నుంచి వచ్చి పలాసలో బస్సు దిగగానే జీడితొక్కలు కాలిన పొగ కళ్లలో కొట్టింది. నా చెయ్యి దానంతటదే కొంగు చివర పట్టుకుని ఎడమ కంటి మూలకు వెళ్లింది. ఆ అలవాటు నాది కాదు, దాలమ్మత్తది. జీడి కార్ఖానాలో పప్పు మీద పొట్టు తీయడం నాకు నేర్పిన మేస్త్రి ఆవిడ. వరసకు ఏమీ కాకపోయినా అందరికీ అత్తే. పప్పు విరిగితే నోటికొచ్చినట్టు తిట్టేది, మధ్యాహ్నం తన కూరలోని చేపముక్క నా గిన్నెలో వేసేది.

ఆ కన్ను ఎప్పుడూ కారుతూనే ఉండేది. మొగుడు కిడ్నీల జబ్బుతో పోయిన ఏడుపని కొందరు, పొగ వల్లనని కొందరు అనేవారు. ఊళ్లో కంటి శిబిరం పెట్టినప్పుడు డాక్టరు చూసి, కన్నీరు ముక్కులోకి దిగే గొట్టం పూడుకుపోయిందనీ, ఆపరేషన్ చేసి కొత్త దారి తీయవచ్చనీ చెప్పాడు. సరేనని తలూపి, మర్నాడు పనిలోకి వచ్చేసింది. ఏళ్ల తరబడి అంతే. పిరికిదానివని నేను దెప్పితే ఒకరోజు పని ఆపి నా వైపు తిరిగింది.

"కోతకి బయమేటే నాకు? కోసే ముందు రగతం తీత్తారు గదా. మా ఆయనకీ కాలికి దెబ్బ తగిల్తే రగతం తీసినారు. ఆ కాయితం వచ్చినాకే మంచమెక్కీసినాడు. కన్ను కారితే కారనీ. నాకేటీ తెలీకూడదు."

నాకు నవ్వు రాలేదు. ఇంటింటా కిడ్నీల జబ్బున్న మా ఉద్దానంలో ఆ మాట అర్థంకాని ఇల్లు లేదు. జబ్బు కంటే పరీక్షంటేనే ఎక్కువ దడ.

తర్వాతి వానాకాలంలో ఆవిడకు ముక్కు పక్కన చీముగడ్డ లేచి కన్ను మూసుకుపోయింది. నేనే టెక్కలి తీసుకెళ్లాను. రక్తం రిపోర్టు చూసిన డాక్టరు కంటి సంగతి వదిలేసి, కాళ్లు వాస్తున్నాయా, ఆకలి ఉందా అని అడగడం మొదలుపెట్టాడు. "సెప్పకండి బాబూ, నాకు తెలిసిపోనాది" అందావిడ. ముందే వచ్చి ఉంటే మందులతో కిడ్నీలను కొన్నేళ్లు నెట్టుకొచ్చేవాళ్లమన్నాడు. నాకు ఆవిడ మీదే కోపం వచ్చింది.

చీము తగ్గి, కిడ్నీ డాక్టరు ఒప్పుకున్నాక కంటికి ఆపరేషన్ చేశారు. కన్ను కారడం ఆగిపోయింది. డయాలసిస్ మంచం మీద అద్దం అడిగి చూసుకుంది.

"బాగుంది గదే. ఇన్నేళ్లూ ఉత్తినే కార్సుకున్నాను." అద్దం పక్కన పెట్టి నా చెయ్యి పట్టుకుంది. "నువ్వు పరీచ్చకి రగతం ఇచ్చి రాయే."

ఇచ్చాను. రిపోర్టు బాగానే వచ్చింది. చదివి వినిపిస్తే, "ఇంకోపాలి సదువు" అంది. ఆవిడ ఆ చలికాలం దాటలేదు.

ఇప్పుడు ఏటా టెక్కలి వెళ్లి రక్తపరీక్షకు చెయ్యి చాపుతాను. ధైర్యంతో కాదు, భయంతోనే. కార్ఖానాలో కొత్తగా చేరినవాళ్లను కూడా లాక్కుపోతాను, వాళ్లు తిట్టుకుంటూనే వస్తారు. ఈ ఏటి కాగితం రేపు ఇస్తామన్నారు. అందులో ఏముందో నాకు తెలియదు. బాగున్నా, ఇంకోసారి చదవమనడానికి దాలమ్మత్త లేదు.