ఆదివారాలు దాటిపోయిన సదస్సు

ఈ ఉదయం ఫోను తెరవగానే, మా శనగ రైతుల వాట్సాప్ సమూహంలో, నిన్నటి ఆన్‌లైన్ సదస్సు దిగ్విజయమైందంటూ పూలదండల బొమ్మలు, చప్పట్ల బొమ్మలు వరుసకట్టి కనిపించాయి. ఉయ్యాలవాడలో మా తమ్ముడి చేను మాత్రం దున్నేసి ఉంది. తేదీ లేని మాటను నమ్మే అలవాటు లేని నాకు, ఈ చప్పట్లు ఏ విజయానికో బోధపడలేదు.

ఆళ్లగడ్డలో వ్యవసాయ శాఖ ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో, శనగ విత్తిన కొన్నాళ్లకు, మా అధికారి నంద్యాలలో ఒక రేకుల షెడ్డు కింద రైతులందరినీ కూర్చోబెట్టేవారు. దొర్నిపాడు నుంచి, బండి ఆత్మకూరు నుంచి బస్సులు పట్టుకొని వచ్చిన వాళ్లకు ఆయన పెట్టిన నియమం ఒక్కటే: లేచి నిలబడినవాడు తన నేల ఎటువంటిదో, విత్తిన తేదీ ఏదో చెప్పిన తర్వాతే తక్కిన మాట. ఒకసారి ఒక పెద్ద రైతు, మా ఊరంతా ఇట్లే ఉందని ఎత్తుకోబోతే, వెనక నుంచి ఎవరో, "ఊరి సంగతి తర్వాతప్పా, నువ్వెన్నడు ఇత్తినావో అది చెప్పు" అన్నారు. షెడ్డంతా నవ్వింది; ఆయనా నవ్వి, తేదీ చెప్పాడు. సాయంత్రానికి చెదురుమదురు మాటలన్నీ ఒక దారికి వచ్చి, ఇంటికి పోయి ఏం చేయాలో ప్రతి ఒక్కరికీ తెలిసేది.

ఈ ఏడు మా తమ్ముడి చేలో మొక్కలు అక్కడక్కడ గుంపులుగా ఎండసాగాయి. పైరు ఉంచాలా, తీసేయాలా అని అతడు ఫోటో పెట్టి సమూహాన్ని అడిగాడు. ఒకరు మందు పేరు చెప్పారు, ఒకరు వేప కషాయమన్నారు, ఒకరు దేవుడి పటం పంపారు. తాము ఎప్పుడు విత్తారో ఒక్కరూ చెప్పలేదు. ఈలోగా, చేను మొత్తం పోతుంది, వెంటనే దున్నేయండి అనే సందేశం ఒకటి, ఏ ఏటిదో ఏ జిల్లాదో తెలియనిది, చేతులు మారుతూ వచ్చి పడింది. అందరం ఒక గంటసేపు వీడియోలో కూర్చొని వరుసగా తేదీలు చెప్పుకుందామని నేను రాశాను. అందరూ సరేనన్నారు. కానీ ముఖ్య అతిథి దొరకలేదని ఒక ఆదివారం, ఆహ్వాన పత్రిక సిద్ధం కాలేదని మరొక ఆదివారం దాటిపోయాయి. ఫోనులో మాట్లాడుకోవడానికి ముఖ్య అతిథి ఎందుకని అడిగితే, నంద్యాలలో ఉండే మా సమూహ నిర్వాహకుడు, "సభ అన్నాక ఒక పద్ధతుండల్ల గదా సార్" అన్నాడు.

నిన్న, మూడో ఆదివారానికి, సదస్సు జరిగింది; ముఖ్య అతిథి సన్మానాలన్నీ ముగిశాక, పట్టుబట్టి అందరిచేతా విత్తిన తేదీలు చెప్పించాను. కొద్దిసేపట్లోనే విషయం తేలిపోయింది. ఎండలు తగ్గకముందే తొందరపడి విత్తిన చేలల్లోనే తెగులు కనబడింది; చలి ముదిరాక అది ఇక పాకలేదు; మిగిలిన పైరు నిలబడింది. మా తమ్ముడు, ఆ సందేశం నమ్మి మొన్ననే చేను దున్నించేసినవాడు, మెల్లగా గొంతు విప్పాడు.

"ఈ మాట పోయిన ఆదివారమే తెలిసింటే, నేను ట్రాక్టరు పెడుతుంటినా అన్నా?"

అతడి మాట ముగిసీ ముగియకముందే ఎవరో వందన సమర్పణ మొదలుపెట్టారు.

ఒకరి ముఖం ఒకరు చూడాలంటే బస్సు ఎక్కవలసిన రోజుల్లో మేము సకాలంలో కలుసుకున్నాం. ఇప్పుడు అందరం అరచేతిలోనే ఉన్నాం, పగలంతా పలకరించుకుంటూనే ఉన్నాం. ఒక్క గంట కలిసి కూర్చుంటే నిలిచే చేనును మాత్రం నిలుపుకోలేకపోయాం. వచ్చే ఏడు శనగ విత్తుతావా అని మా తమ్ముణ్ణి అడగడానికి నాకింకా నోరు రావడం లేదు.