సారపాక దాకా నా ఊపిరితో

చర్ల దగ్గర హాస్టల్ బడిలో టీచరుగా చేరిన మా అమ్మాయికి సెలవు దొరకడం లేదు. మేమే వెళ్దామని నేనూ మా ఆవిడా బయలుదేరాం. పొద్దున్నే కొత్తగూడెంలో రైలు దిగాం. స్టేషన్ పేరు భద్రాచలం రోడ్డు అయినా భద్రాచలం ఇంకా నలభై కిలోమీటర్లుంటుంది, కొత్తవాళ్లు పొరబడవద్దు. బయట చర్ల దాకా మూడు వేలకు కారు కుదిరింది.

డ్రైవరు వెంకన్న సోంపు నములుతున్నాడు. స్టీరింగ్ పక్కన వైరుకు వేలాడుతున్న చిన్న యంత్రం తీసి, ముందు సీట్లో ఉన్న నా చేతికిచ్చాడు.

"ఊదుండ్రి సార్. తాగినోళ్లు ఊదితే బండి స్టార్ట్ కాదు. మా సేటు పెట్టించిండు."

"నేనెందుకు?"

"ముందట కూసున్నోళ్లు ఊదాలె. రూల్."

ఊదాను. పచ్చ లైటు వెలిగింది. ప్రతి కారుకూ ఇలాంటిది ఉండాలని దారిలో మా ఆవిడకు చెబుతూనే ఉన్నాను. పాల్వంచ దాటాక లోడు లారీ నుంచి తప్పుకోబోయి కారు మట్టిలోకి దిగింది. రోడ్డు బాగాలేదనుకున్నాను.

సారపాకలో మిల్లు కార్మికులు తినే మెస్ దగ్గర టిఫిన్ చేశాం. కారెక్కగానే వెంకన్న మళ్లీ యంత్రం అందించాడు. మేం మరచిన నీళ్ల సీసా తీసుకొని మెస్ నడిపే రజియా అప్పుడే వచ్చింది.

"సారూ, మీరెందుకు ఊదుతున్నరు? నడిపేటోడు గదా ఊదాలె?"

"నీకేంది అక్కా, నీ ఇడ్లీలు నువ్వు చూస్కో," అన్నాడు వెంకన్న.

"నా ఇడ్లీలు తింటే ఎవ్వరు సావరు తమ్మీ."

నా చెయ్యి ఆగిపోయింది. యంత్రం అతని వైపు చాపాను. తీసుకోలేదు.

"రాత్రిది సార్. పొద్దుగాల సుక్క ముట్టలే."

"అయితే ఊదు."

ఊదాడు. ఎర్ర లైటు వెలిగింది. మా ఆవిడ దిగి, మెస్ బల్ల మీద కూలబడింది.

"సార్, ఒక్కపారి ఊదుండ్రి. బండి ఈడ్నే ఆగితే సేటు నన్ను తీసేస్తడు. ఇద్దరు పిల్లలున్నరు."

"మా పిల్ల చర్లలో ఎదురు చూస్తోంది," అన్నాను.

వచ్చినంత దూరానికి డబ్బిచ్చి, ఆటోలో వంతెన దాటి భద్రాచలం బస్టాండు చేరి, చర్ల బస్సెక్కాం. అడవి మొదలయ్యాక కూడా నా నోట్లో ఆ ప్లాస్టిక్ రుచి పోలేదు. అతను అబద్ధమాడాడు, నిజమే. కానీ మా ఆవిడను వెనక కూర్చోబెట్టుకొని, తాగినవాణ్ణి ఆపడానికి పెట్టిన తాళాన్ని తీసింది నేను. బస్సు దిగగానే ఆలస్యమైందేమని అమ్మాయి అడిగితే, నేను ఊదిన సంగతే ముందు చెప్పాను.

అద్దె కారులో ఊదే యంత్రం ఉంటే, బండి తీసే ప్రతిసారీ డ్రైవరే ఊదడం కళ్లతో చూడండి. మీ చేతికిస్తే దిగిపోండి.