కింది అరలో ఎనిమిది సన్న పుస్తకాలు

మా చిన్నతనంలో గోదారి ఊరి ముందు నుంచి వచ్చేది కాదు... వెనక నుంచి వచ్చేది.

ఆకాశంలో మబ్బు ఉండేది కాదు. ఎండ ఫెళ్లున కాసేది. ఎక్కడో పైన కురిసిన వానకు గోదారి నిండిపోయి, మా వాగు నీళ్లను తనలోకి రానివ్వకుండా వెనక్కి తోసేది. వాగు చప్పుడు లేకుండా ఊరి వైపు తిరిగేది... "ఎగదన్నింది" అనేవాళ్లు పెద్దలు. ఆ మాటంటే అప్పుడు భయం. ఇప్పుడు నోట్‌బుక్‌లో రాసుకుని చూసుకునేంత ఇష్టం... భయం మాత్రం పోలేదు.

నీటి అంచున ఒక పుల్ల గుచ్చేవాళ్లు. అది మునిగితే ఇంకాస్త ఇవతల ఇంకో పుల్ల. భద్రాచలానికి ఎగువన, అడవి అంచున ఉన్న మా ఊళ్లో వరదను కొలిచే పద్ధతి అదే.

నేను ఏడో తరగతిలో ఉండగా మా తెలుగు మాస్టారు యాకూబ్ సారు ఒక పోటీ పెట్టారు. సంవత్సరం పరీక్షల లోపు నలభై పుస్తకాలు చదివినవాళ్ల పేరు లైబ్రరీ గోడ మీద రంగుతో రాయిస్తానన్నారు. గోడ మీద నా పేరు... ఆ ఊహకే నాకు అన్నం సయించలేదు.

నెల తిరక్కుండానే కిటుకు తెలిసిపోయింది. ఒక లావు పుస్తకం అయ్యేలోపు సన్నవి ఐదు అయిపోతాయి. లెక్కలో అదీ ఒకటే, ఇదీ ఒకటే.

సన్నవన్నీ కింది అరలో ఉండేవి, చిన్న తరగతుల పిల్లలకు అందాలని. నా బెంచీలో కూర్చునే సమ్మక్క కూడా వాటినే చదివేది. ఇంట్లో కోయ మాట్లాడే పిల్ల... తెలుగు అక్షరాల మీద వేలు పెట్టుకుని ఒక్కో పేజీ మెల్లగా దాటేది. ఆమెకు గోడ మీద పేరు అక్కర్లేదు. చివరి పేజీ దాకా వెళ్తే చాలు.

ఆమె తీసుకుంటే నాకు తక్కువ పడతాయని... అరలో మిగిలిన ఎనిమిది సన్న పుస్తకాలూ తీసి, గోనెసంచిలో చుట్టి, బడి వంటగది వెనక కట్టెల కొట్టంలో దాచాను.

"సన్న బుక్కులు లేవానే?" అని వారం వారం అడిగేది సమ్మక్క.

"లేవే. ఎవరో తీస్కపోయిన్రు" అనేదాన్ని, ఆమె మొహం చూడకుండా.

ఆ శ్రావణంలో వాగు ఎగదన్నింది.

ప్రార్థన వేళకు పుల్ల బడి వెనక పొలంలో ఉంది. మొదటి పీరియడ్ అయ్యేసరికి ప్రహరీ పక్కన ఉంది. చీమలు గుడ్లు మోసుకుంటూ గోడ ఎక్కుతున్నాయి. కప్పలు అరవడం మానేశాయి...

చిన్నపిల్లలను ఇళ్లకు పంపేసి, మేం పెద్దవాళ్లం మెట్ల మీద వరసగా నిలబడ్డాం. పుస్తకాలు చేతులు మారుతూ పై అంతస్తుకు వెళ్తున్నాయి. సారు రిజిస్టరులో టిక్కులు పెట్టుకుంటున్నారు.

"ఎనిమిది తక్కువున్నయ్... ఏందిరా, అన్నీ సన్నయే!"

"సన్నయంటే సమ్మక్కే సారూ" అన్నాడు మా క్లాసు ప్రవీణ్. "లావువి ఆమెకు మింగుడు పడయ్ గదా!"

అందరూ నవ్వారు.

"నువ్వు సూసినవారా? సూడంది అనకు" అని గద్దించి, సారు పుస్తకాలు సర్దించడానికి గదిలోకి వెళ్లారు.

నేను చేతిలో ఉన్న పుస్తకాన్ని పై మెట్టుకు అందించాను. చెప్తే నా పేరు గోడ మీదికి ఎక్కదు... ఊరి నోట్లోకి ఎక్కుతుంది.

సమ్మక్క ఏడవలేదు. "నా తాన ఒక్కటే ఉన్నదే. రాయించుకున్నదే అది. తెచ్చి సూపిస్త" అని నాతో మెల్లగా చెప్పి మెట్లు దిగింది.

ఆమె ఇల్లు వాగు మీది చప్టా అవతల, గుంపు అని పిలిచే కోయగూడెంలో.

పై నుంచి చూశాను. ప్రహరీ పక్కన పుల్ల లేదు... చప్టా మీద నీళ్లు ఎండకు మెరుస్తూ, కదలనట్టే ఉన్నాయి. అలా కనిపించే నీళ్లే కాళ్లు లాగేస్తాయని మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలుసు.

ఆమె పాదాలు మునిగాయి. ఇంకో నాలుగడుగులకు పిక్కలు...

ఎలా మెట్లు దిగానో తెలియదు.

"సమ్మక్కా! బుక్కులు నేనే దాచిన! కట్టెల కొట్టంల ఉన్నయ్! ఎన్కకు రావే... నీకు దండం పెడ్త, రావే!"

బడి మొత్తం వింది. నా పక్క నుంచి సారు చెప్పులు విడిచేసి పరుగెత్తారు. సమ్మక్క చప్టా మధ్యలో ఆగి, తిరిగి నన్నే చూసింది. అలా చూస్తూ నిలబడింది... నీళ్లు పెరుగుతున్నాయి. సారు దిగి, చెయ్యి పట్టుకుని ఒడ్డుకు తెచ్చారు.

ఆమె ఒక్క మాటే అంది. "అడిగినప్పుడల్లా లేవంటివి గదనే..."

సారు నన్ను కొట్టలేదు. తిట్టలేదు. "ముందుగాల మీదికి నడువుండ్రి" అన్నారంతే. మేం పై నుంచి చూస్తుండగా కట్టెల కొట్టం తలుపు కింద నుంచి నీళ్లు లోపలికి వెళ్లాయి... తెలిసిన ఇంటికి వెళ్లినట్టు.

నాలుగో రోజు గోనెసంచి విప్పితే బురద ముద్దలు. ఒకదానికి మాత్రం కుట్టిన దారం మిగిలింది.

నా లెక్క పందొమ్మిది దగ్గర ఆగిపోయింది. సారు ఆపలేదు, నేనే ఆ తర్వాత రాయించుకోలేదు. సమ్మక్క రోజూ నా పక్కనే కూర్చునేది. నవ్వేది కూడా. పదో తరగతి అయ్యేదాకా ఆమె లైబ్రరీ గడప మాత్రం మళ్లీ తొక్కలేదు.

ఇప్పుడు ఖమ్మంలో డిగ్రీ చదువుతున్నాను. డిసెంబరు వచ్చిందంటే ఫీడ్ నిండా అవే పోస్టులు... "ఈ ఏడాది టార్గెట్‌కు ఇంకా కొన్ని తక్కువున్నాయి, వంద పేజీల లోపు పుస్తకాలు చెప్పండి" అని. ఫోన్‌లో సన్న పుస్తకాలు ఎన్ని కావాలంటే అన్ని. ఒకరు తీసుకుంటే ఇంకొకరికి తక్కువ పడవు. దాచుకునే పని లేదు. తడవవు కూడా...

మొన్న మా బడికి వెళ్లాను. కింది అర ఇంకా ఖాళీగానే ఉంది.

అందుకే అడుగుతున్నా... మీరు చిన్నప్పుడు చివరి పేజీ దాకా వెళ్లిన మొదటి సన్న పుస్తకం ఏది? కింద పేరు రాయండి. నా లెక్క కోసం కాదు. కొని అక్కడికి తీసుకెళ్తాను, వానలు మొదలవకముందే.

పై అరలో పెడదామంటే చిన్నపిల్లలకు అందవు. కింది అరలోనే పెట్టాలి... గోదారికి మొదట అందేదీ ఆ అరే.