పెంకుల పెద్దమ్మ

తవ్వకాల దగ్గర పాతకాలపు కుండపెంకులు కడిగే ఆమెను అందరూ పెద్దమ్మ అనే పిలుస్తారు. పొద్దున్నే తొట్టి ముందు పీట వేసుకుని, నీళ్లలో నాని ముడతలు పడ్డ వేళ్లతో ఒక్కో పెంకునూ పసిపిల్లకు నీళ్లు పోసినంత మెల్లగా తోముతుంది. ఒకరోజు పగులుకు అటూ ఇటూ రెండు బెజ్జాలున్న పెంకు దొరికితే, తవ్వకాల ఆఫీసరు తన పుస్తకంలో "వేలాడదీసే పాత్ర" అని రాసుకున్నాడు. ఆమె ఉండబట్టలేక, "కాదు సారూ, పగిలితే దారంతో కుట్టుకున్నారు. నీళ్లు నిలవవుగానీ గింజలు పోసుకోవచ్చు" అంది. భూతద్దంలో చూస్తే, బెజ్జాల మధ్య దారం ఒరిసిన సన్నటి గాడి నిజంగానే ఉంది. ఆయన నవ్వి, రాసింది కొట్టేసి, "పేదవాళ్ల ఇల్లు" అని మొదలుపెట్టాడు. "లేనివాళ్లనే ఎందుకనుకోవాలి సారూ? ఆ కుండంటే ప్రాణమేమో!" అందామె. ఆయన అదీ కొట్టేసి, "పగిలినా పారేయలేదు" అని మాత్రం రాశాడు.