మునీశ్వరి కొలిచిన ఇళ్లు

"ఏడేండ్లు నేను చేసింది పని కాకపోతే మరేంది సార్? తిరనాళ్లకు పోయొచ్చినానా?"

"గొంతు తగ్గించు. కింద జిరాక్సు షాపులో జనం ఉండారు."

"ఉండనీండి, విననీండి. పుంగనూరులో, కుప్పంలో, వి.కోటలో ఎండకు మాడి ఇండ్లు కొలిచిందెవరో వాళ్లకు తెలుసు. మీకే తెలీదు."

"సూడమ్మాయ్, నువ్వు ఈడ ఆఫీసు పని చేసినావు. ఫైళ్లు సర్దినావు, టైపు కొట్టినావు. ఆ మాట రాసిస్తా. కావాలంటే తీసుకో."

"టైపు కొట్టేదానికైతే నా చేతికి టేపు యాల ఇచ్చినారు సార్?"

మదనపల్లెలో ఆ మేడ కింద జిరాక్సు షాపు జగదీష్‌ది. మెషిను మూత ఎత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. పాసు పుస్తకం కాపీకి వచ్చిన ఇద్దరు టమోటా రైతులు కూడా మెట్ల వైపు మెడలు సాచారు. పైన అరుస్తున్న మునీశ్వరిని జగదీష్ ఏడేళ్లుగా చూస్తున్నాడు. పొద్దున తొమ్మిదికి స్కూటీ మీద వస్తుంది. భుజాన సంచీ, సంచీలో పొడుగు టేపు, ఫైళ్లు. ఇన్నేళ్లలో ఆమె గొంతు ఆ మెట్లు దిగి కిందికి వినబడింది లేదు.

ఆమె అడిగింది ఒక్క కాగితం. అర పేజీ ఉంటుందేమో. ఫలానా మునీశ్వరి నా దగ్గర ఏడేళ్లు స్థలాలూ ఇళ్లూ చూసి విలువ కట్టే పని చేసింది అని రాసి, కింద ఆ మేడ మీది ఆఫీసు యజమాని గంగాధరం సంతకం పెడితే చాలు. ఆ కాగితం ఉంటే ఆమె వాల్యుయర్ అవుతుంది, లేకపోతే కాదు.

బ్యాంకు ఇంటి మీద అప్పివ్వాలంటే ఆ ఇల్లు ఎంత చేస్తుందో ఎవరో ఒకరు చెప్పాలి. యజమాని మాట నమ్మరు. ఎవడి పెంకుటిల్లు వాడికి మైసూరు ప్యాలెస్. చెప్పాల్సినవాడు వాల్యుయర్. అట్లాగని ఎవడు పడితే వాడు బోర్డు తగిలించుకోవడానికి లేదు. సివిల్ ఇంజినీరింగో, అట్లాంటిదే మరొకటో డిగ్రీ ఉండాలి. డిగ్రీ తర్వాత ఐదేళ్లు ఆ పనిలో అనుభవం ఉండాలి. వాల్యుయర్ల సంస్థ ఒకదానిలో పేరు నమోదు చేసుకుని యాభై గంటల క్లాసులు వినాలి. ఆపైన పరీక్ష. కంప్యూటరు ముందు కూర్చోబెడతారు. నూటికి అరవై రావాలి, తప్పు జవాబు పెడితే వచ్చిన మార్కుల్లోంచి కోస్తారు. పాసయ్యాక కూడా చేతులు కట్టుకుని కూర్చుంటే కుదరదు. మూడేళ్లలో రిజిస్ట్రేషన్‌కు పెట్టుకోకపోతే ఆ పాసు చెల్లదు.

డిగ్రీ, క్లాసులు, పరీక్ష, ఈ మూడూ కష్టపడితే మన చేతికి వస్తాయి. అనుభవం అట్లా కాదు. ఎంత కష్టపడినా అది ఎదుటివాడి పెన్నులో ఉంటుంది. ఆ పెన్ను గంగాధరం జేబులో ఉంది.

మునీశ్వరిది పుంగనూరు. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి సిద్దమ్మ ముప్పై ఏళ్లు కాంక్రీటు తట్టలు మోసింది. గంగాధరం అప్పట్లో కాంట్రాక్టరు కూడా. ఆయన కట్టించిన గదులకూ ప్రహరీలకూ తట్టలు మోసినవాళ్లలో సిద్దమ్మ ఒకతె. బడి లేని రోజుల్లో మునీశ్వరి ఇసుక కుప్ప మీద కూర్చుని లెక్కలు చేసుకునేది. మధ్యాహ్నం అన్నాల వేళ సిద్దమ్మ రాయి తీసుకుని స్తంభం మీద తట్టి, "ఇను పాపా, ఇది గట్టి. దీన్ని ఇను, కడుపులో బోలు" అని చెప్పేది. బీటెక్ సివిల్‌లో నాలుగేళ్లు కూర్చున్నా అంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదని మునీశ్వరి ఇప్పటికీ అంటుంది.

బీటెక్ పాసైన నెలకే గంగాధరం కబురు పెట్టాడు. "మన సిద్దమ్మ కూతురే గదా, రానీ." అంతే ఉద్యోగం. నియామక పత్రం లేదు, హాజరు పుస్తకం లేదు. నెలకొకసారి కవర్లో జీతం. మునీశ్వరికి అడగాలని కూడా తోచలేదు. "ఈ ఇల్లు మాదే మేడమ్" అన్నవాడి మాట ఏడేళ్లలో ఒక్కనాడూ నమ్మని పిల్ల, పాత దస్తావేజులు చూడనిదే సంచీలోంచి టేపు తీయని పిల్ల, తన దగ్గరికొచ్చేసరికి 'మన' అన్న ఒక్క మాటను పట్టుకుని రిజిస్టరు పత్రం అనుకుంది. తప్పు ఆమెదే. కానీ ఆ తప్పు మీద ఏడేళ్లు హాయిగా కూర్చున్నది ఎవడో కూడా చెప్పుకోవాలి కదా.

పని మాత్రం నిక్కచ్చిగా చేసింది. దస్తావేజులో చెక్కుబందీ ఉంటుంది, అంటే ఏ దిక్కున ఎవరి హద్దు అన్న లెక్క. ముందు అది సరిపోయిందో లేదో చూసేది. ఆ తర్వాతే కొలత. టేపు రెండో కొస ఇంటాయన చేతికే ఇచ్చేది. పట్టుకున్నవాడు గోడ దాటించి ఒక జానెడు కలుపుకోవాలని చూసేవాడు. "అన్నా, గోడకు ఆనించి పట్టుకో. గాల్లో పట్టుకుంటే లోను కూడా గాల్లోనే వస్తాది" అనేది. నవ్వి సర్దుకునేవాడు.

రేటు కట్టడం ఇంకొక యుద్ధం. రిజిస్ట్రారు ఆఫీసులో ఒక రేటు, టీ అంగట్లో ఒక రేటు, బ్రోకరు నోట్లో మూడోది. మునీశ్వరి ఈ మూడూ రాసుకుని, ఆ వీధిలో ఈమధ్య స్థలం అమ్మినవాణ్ణి వెతుక్కుంటూ పోయేది. కొన్నవాడు తగ్గించి చెబుతాడు. బ్రోకరు పెంచి చెబుతాడు. అమ్ముకున్నవాడు మాత్రం ఏడుస్తూ నిజం చెబుతాడు.

రెండేళ్ల కిందట పుంగనూరులో ఒక ఇల్లు చూడ్డానికి పోయింది. యజమాని ఎదురొచ్చి, టైల్సు మెరిసిపోతున్న కొత్త ఇల్లు తాళం తీసి చూపించాడు. బిస్కెట్లు పెట్టాడు, బాదంపాలు తెప్పించాడు. మునీశ్వరి బిస్కెట్టు ముట్టకుండా దస్తావేజు తీసింది. అందులో తూర్పు హద్దు రోడ్డు. ఈ ఇంటికి రోడ్డు పడమట ఉంది.

"వాస్తుకు బాగలేదంటే వాకిలి ఇటు తిప్పినాం మేడమ్" అన్నాడు యజమాని.

ఈ ఊళ్లలో వాస్తు మాట మీద నిలువుగోడ పగలగొట్టి వాకిలి మార్చినవాళ్లు వీధికొకరు ఉన్నారు. ఇంకొకరైతే సరేనని రాసుకుని వచ్చేసేవాళ్లే.

"వాకిలి తిప్పినావు, సరే అన్నా. మరి రోడ్డును కూడా తిప్పినాడా మీ వాస్తు ఆయప్ప?"

యజమాని బాదంపాల గ్లాసు కింద పెట్టేశాడు. మునీశ్వరి ఆ వీధంతా తిరిగి వెనక సందులోకి పోయి చూసింది. దస్తావేజులో ఉన్న ఇల్లు అక్కడుంది. పైన రేకులు, సగం కూలిన ప్రహరీ, లోపల కట్టేసి నెమరేస్తున్న రెండు ఎనుములు. ముందు చూపించింది ఆయన బావమరిది ఇల్లు.

రిపోర్టు బ్యాంకుకు పోయిన రెండో రోజు మేనేజరు ఫోన్ చేశాడు. స్పీకరు పెట్టి ఉంది. "గంగాధరం గారూ, మీది డేగ కన్నండీ! మా కొంప నిలబెట్టారు."

"ఏదో సార్, ఇన్నేండ్ల అనుభవం" అన్నాడు గంగాధరం. ఎదురుగా మునీశ్వరి కూర్చుని ఉంది. ఆయన ఆమె వైపు చూడలేదు. ఆ ఇల్లు, ఆ సందు, ఆ ఎనుములు ఏవీ ఆయన చూడలేదు. ఆ నెలలో ఆయన మదనపల్లె పొలిమేరే దాటలేదు.

ఆ సాయంత్రమే మునీశ్వరి క్లాసులకు డబ్బు కట్టింది. అనుభవం కాగితం రిజిస్ట్రేషన్ నాటికి ఇస్తే చాలని సంస్థవాళ్లు అన్నారు. తెల్లారుజామున లేచి చదివింది, పలమనేరు బస్సులో నిలబడి చదివింది. తిరుపతి పోయి పరీక్ష రాస్తే మొదటిసారి యాభై ఏడు వచ్చి పోయింది. రెండోసారి అరవై ఎనిమిది. మైసూరుపాకు డబ్బా తెచ్చి గంగాధరం బల్ల మీద పెట్టి కాగితం అడిగింది. ఆయన రెండు ముక్కలు తిని, "చూద్దాంలేమ్మా" అన్నాడు. ఎనిమిది నెలలు చూశాడు. చూసి చూసి, ఆఫీసు అసిస్టెంటు అని రాసిస్తానన్నాడు. జిరాక్సు షాపులోకి వినబడింది ఆ రోజు గొడవే.

కిందికి దిగిన మునీశ్వరిని జగదీష్ అడిగాడు. "ఏమక్కా, అయిపోయిందా?"

"యాడప్పా, ఇప్పుడే మొదలైంది" అంది స్కూటీ తాళం తిప్పుతూ.

ఇంటికి పోతే సిద్దమ్మ ఒంటికాలి మీద లేచింది. "ఆయప్పను ఎదిరించినావంట? అన్నం పెట్టినోడమ్మా!"

"అన్నం ఆయప్ప పెట్టలేదు మా. నువ్వు మోసినావు, నేను కొలిచినాను. తిన్నాం."

"మాటకు మాట అంటావు. రేపు నేనొస్తా పద. నా మొగం సూసి రాసిస్తాడు."

మరునాడు సిద్దమ్మ పెట్టెలోని చీర కట్టుకుని కూతురి వెంట మదనపల్లె వచ్చింది. గంగాధరం కూర్చోమనలేదు. ఆమె కూడా కూర్చోవాలనుకోలేదు. ఆయన ముందు ఎప్పుడూ కూర్చున్న మనిషి కాదు.

"ఆడబిడ్డ, తెలిసీ తెలీక అరిచింది సార్. మనసులో పెట్టుకోవద్దు. ఆ కాగితం మటుకు రాసీండి" అంది.

గంగాధరం మెత్తగా చెప్పాడు. మెత్తగా చెప్పడంలో ఆయన్ను మించినవాడు లేడు. "సిద్దమ్మా, నీకు తెలిసేది కాదులే. ప్రతి రిపోర్టు కింద నేనొక హామీ రాసి సంతకం పెడతా, నేనే పోయి కండ్లారా సూసినానని. ఏడేండ్ల రిపోర్టులన్నీ అట్లే ఉండాయి. ఇప్పుడు ఈ పిల్ల పోయి సూసిందని రాసిస్తే, నేను పోలేదని నేనే ఒప్పుకున్నట్టు గదా?"

"'నేను గానీ, నా తరఫున ఫలానా మనిషి గానీ' అని ఉంటాది సార్ ఆ ఫారంలో" అంది మునీశ్వరి. "ఆడ నా పేరు రాసేదానికి చోటు ఉండాది. ప్రతిసారీ మీరే దాన్ని కొట్టేస్తా వచ్చినారు."

"బ్యాంకు ఫీజు ఇచ్చేది నా చూపుకమ్మా. నీ చూపుకు కాదు."

సిద్దమ్మకు ఫారాలు తెలియవు. ఆమెకు అర్థమైంది ఒక్కటే. దాన్నే నిదానంగా అడిగింది. "అంటే, నా బిడ్డ ఈ ఏడేండ్లూ ఆ ఇండ్లకు పోనేలేదా?"

"కాగితం ప్రకారం పోలేదు."

ముప్పై ఏళ్లు సార్ అని పిలిచిన సిద్దమ్మ నోరు మొదటిసారి వేరే మాట పలికింది. "మరి నా బిడ్డ మొగం ఏ కాగితం ప్రకారం ఇట్ల నల్లగ మాడిపోయిందప్పా?"

"పద పాపా" అని కూతురి చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది సిద్దమ్మ.

బ్యాంకుకు ఫిర్యాదు రాద్దామని మునీశ్వరి రెండు రోజులు కూర్చుంది. రాస్తే గంగాధరం పోతాడు, అది నిజం. కానీ ఏడేళ్ల రిపోర్టులన్నీ తిరగదోడి, వాటి మీద ఇచ్చిన అప్పులు వెనక్కి కట్టమంటారు. ఆ ఇళ్లలో సగం మంది పైసా పైసా కూడబెట్టి కంతులు కట్టుకునేవాళ్లు. టేపు కొస పట్టుకుని నవ్విన మొహాలు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. ఆమె రాయలేదు. దీన్ని క్షమ అని ఎవరూ పొగడాల్సిన పని లేదు. గంగాధరం పేరెత్తితే ఇవాళ్టికీ ఆమె పళ్లు పటపటమంటాయి.

పేరు ఉండీ మోకాళ్లు లేని వాల్యుయర్ ఒకాయన కుప్పంలో ఉన్నాడు. తిమ్మప్ప. అరవై దాటాయి, మేడ మెట్లు ఎక్కలేడు. రైల్వే స్టేషను దగ్గర చిన్న గది ఆయన ఆఫీసు. మునీశ్వరి మూడు బస్సులు మారి అక్కడికి పోయింది. సంగతంతా దాచకుండా చెప్పింది.

తిమ్మప్ప కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "గంగాధరం రిపోర్టు ఒకటి, ఈ కుప్పం ఇంటిదే, రెండోసారి సూసేదానికి నా దగ్గరికి వచ్చిండెనమ్మా. చదవతానే అనుకొన్నా, ఇది ఆయప్ప రాసింది కాదని. మేడ మీద నీళ్ల తొట్టికి పగులు యా పక్క ఉండాదో రాసే ఓపిక ఆయప్పకు యాడిది?"

అంత మంచి మాట విని కూడా మునీశ్వరికి నవ్వు రాలేదు. ఆమెకు ముప్పై ఏళ్లు. గంగాధరం దగ్గర గడిచిన ఏడేళ్లు పోయినట్టే. ఇక్కడ ఐదేళ్లు ఇవాళ్టి నుంచి లెక్క. అవి పూర్తయ్యేసరికి పాసైన పరీక్ష గడువు దాటిపోతుంది, అదీ మళ్లీ రాయాలి. ఇంకొకడు సంతకం పెట్టనన్నందుకు తన వయసులోంచి ఇంత కోత పడింది. ఆ కోపం ఎదురుగా కూర్చున్న ముసలాయన మీద చూపించాల్సింది కాదు.

తిమ్మప్ప బల్ల సొరుగు లాగి టేపు బయటికి తీశాడు. ఒక ఫైలు ఆమె వైపు జరిపాడు. "వి.కోట దావలో ఒక ఇల్లుండాది. మధ్యాహ్నం బస్సుకు పోతే సాయంత్రానికి సూసొచ్చేయొచ్చు. పోతావామ్మా?"

మునీశ్వరి టేపు అందుకోలేదు.

"పోతాను సార్. జీతం మీరెంతన్నా సరే. దానికంటే ముందర, నేను ఈ పొద్దు మీ దగ్గర చేరినానని, ఇండ్లూ స్థలాలూ సూసి విలువ కట్టే పనికే చేరినానని, తేదీ యేసి సంతకం పెట్టి నాకొక కాగితం ఇయ్యండి."